తగ్గించినదెందుకు?

డిగ్రీ నాలుగో ఏడు పరిశోధన చేద్దామని వచ్చే పిల్లలు ‘గల్ఫ్ వలసలు, ప్రపంచీకరణ’ వంటి ఖండమంత అంశంతో వస్తారు. 2022లో యూజీసీ తెచ్చిన చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారే ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’కు అర్హులు. డిసర్టేషన్‌కు 12 క్రెడిట్లు. ఆ కాస్త వ్యవధిలో ప్రపంచీకరణ తేలదు, ఒక్క ప్రశ్న తేలితే గొప్ప. ఆ ప్రశ్న దొరకడమే సగం పని.

గల్ఫ్‌నే పట్టుకుంటానన్న ఒక అమ్మాయితో, ‘‘ముందు తేదీలు రాసుకురామ్మా’’ అన్నాను. తెచ్చింది. 2020 ఆగస్టు 30న ఖతార్ కొత్త కార్మిక చట్టాలు ప్రకటించింది. ఏ దేశంవారికైనా కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు, అంటే సుమారు 275 డాలర్లు. అమలు మరుసటి మార్చి నుంచి. అదే ఏడు సెప్టెంబరులోనే మన కేంద్రం ఖతార్‌తో పాటు మరికొన్ని గల్ఫ్ దేశాలకు వెళ్లే మనవాళ్లకు ఇంతకు తగ్గకూడదని తానే నిర్ణయించే కనీస రెఫరల్ వేతనాన్ని 200 డాలర్లకు దించింది. పనిచ్చే దేశం పెంచుతుంటే పంపే దేశం తగ్గించడమేమిటి? తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది. 2021లో పాత వేతనాలే తిరిగొచ్చాయి.

‘‘కూలీలంటే లెక్కలేదు సార్, అంతే’’ అంది. కావచ్చు. కానీ కోవిడ్‌లో ఉన్న ఉద్యోగాలు చేజారకూడదనే తగ్గించామన్నది ప్రభుత్వ వాదన. ఏది నిలుస్తుందో సర్క్యులర్లు, పార్లమెంటు జవాబులు, కోర్టు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. అంకెలనూ నమ్మేయకూడదు. ఖతార్ యజమాని తిండి, వసతి చూపకపోతే 300, 500 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. మన 200 డాలర్లలో ఏమేం కలిశాయో చూడకుండా పోలిక చెల్లదు.

ఆ తర్వాతే గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్లున్న జగిత్యాల ఊళ్లు. రెఫరల్ వేతనం మాట ఏజెంటు ఎప్పుడైనా ఎత్తాడా అని తిరిగొచ్చినవాళ్లను అడగాలి. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి, వద్దంటే లేచి రావాలి. మనిషి పేరే కాదు, ఆనవాలు పట్టించే అప్పు వివరాలూ రాయకూడదు. మనకు మార్కులొస్తాయి, ఆ ఏజెంటుతో మళ్లీ పని పడేది మనకు జవాబిచ్చిన మనిషికి.

వైవాలో నేనడిగేది ఒకటే: ఏ కాగితం కనబడితే నీ వాదన మార్చుకుంటావు? దానికి జవాబున్న థీసిస్ చిన్నదైనా పరిశోధనే. లేకపోతే నూరు పేజీలున్నా వ్యాసరచన పోటీకి పంపుకోవచ్చు.