కాదనే వీలుండాలి

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఆరోగ్య సర్వేకు వెళ్లినప్పుడు, సంతకం పెట్టే మనిషి పక్కన ఎవరున్నారో ముందు చూస్తాను. ఆశ కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో తోడొస్తేనే మాకు తలుపులు తెరుచుకుంటాయి. వాళ్లు ఎదురుగా ఉన్నంతసేపూ ఏ తల్లీ వద్దనదు. రేపు పాపకు టీకా కావాలన్నా, గుడ్డు కావాలన్నా వాళ్ల దగ్గరికే పోవాలి.

"మీరు చెప్పినంక కాదంటమా మేడమ్? ఏడ వెయ్యాలె?" అంటూ సమ్మతి పత్రం చదవకముందే ఒకామె ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్దింది. ఆశ కార్యకర్తను కాసేపు బయట కూర్చోమని, మళ్లీ మొదటినుంచి చెప్పాను. రక్తం ఎంత తీస్తారని అప్పుడడిగింది. వద్దంటే పింఛన్ ఆగుతుందా అనీ అడిగింది. ఆ రెండు ప్రశ్నలూ రాకుండా పడే వేలిముద్రను అంగీకారమనలేం.

పేదలు, గిరిజనులు, పిల్లలు బలహీనులని మా పత్రాల్లో రాసుకుంటాం. ఆ బలహీనత చాలావరకు మనం అడిగే తీరులోనే పుడుతుంది. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు, సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేపట్టాయి. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలెందరో. చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, కానీ హాస్టల్ పిల్ల వార్డెన్‌కు ఎదురు చెప్పగలదా?

చదువురానివారికి నిష్పక్షపాత సాక్షి ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రేషన్, పింఛన్ చేతిలో ఉన్నవాళ్లు ఆ సాక్షి కాకూడదు. ఇంటర్ చదివే పక్కింటి అమ్మాయి నయం.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. అది పరిశోధన కాదు. అయినా ఆ బాధ తెలిసిన ఊళ్లలో కాగితం పట్టుకుని తిరిగేవాళ్లు ఇంకా నిదానంగా అడగాలి. పత్రాన్ని ఒక రాత్రి ఆ ఇంట్లోనే ఉంచి రావాలి.

మీ గడపకు ఎవరైనా సర్వే అంటూ వస్తే, వద్దంటే ఏమవుతుందో ముందు అడగండి. పత్రం కాపీ ఒకటి తీసుకోండి. మధ్యలో మానుకునే హక్కు కూడా మీకుంది.