కుదిరే మనిషి దొరికేదాకా

తాండూరు వైపు నిద్ర పట్టనివాళ్లు మొదట ఆరెంపీ దగ్గరికి పోతారు. ఆయన బలానికని ఓ సూది వేస్తాడు. తగ్గకపోతే గుడికో దర్గాకో మొక్కుకుంటారు. ఆ తర్వాతే, అదీ పక్కింటివాళ్లకు తెలియకుండా, హైదరాబాద్ రైలెక్కుతారు. దాచుకునే జబ్బులు మన జిల్లాకు కొత్త కాదు. క్షయ పేరెత్తడానికే జంకే రోజుల్లో, నిజాం కాలంలో, వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల మీద దానికి ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడు క్షయ మందుల గురించి బాహాటంగానే మాట్లాడుకుంటున్నాం. మనసు జబ్బు అంటే మాత్రం ఇంకా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తి ఎగతాళి చేస్తున్నాం. నాకిది చాలా బాధగా ఉంటుంది.

అలా నిద్ర పట్టని మా బంధువుల అమ్మాయికి తోడుగా నేనూ హైదరాబాద్ వెళ్లాను. మొదట చూసినావిడ పది నిమిషాలు వినీ వినకుండానే, "నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావమ్మా, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అని పంపేసింది. పిల్ల ఇక ఎవరి దగ్గరికీ రానని భీష్మించుకుంది. నెలల తర్వాత ఎలాగో ఒప్పించి మరొకరికి చూపించాం. ఆయన అడిగింది ఒక్కటే: "రాత్రి నిద్ర పడతలేదంటున్నవ్ గదా బిడ్డా, లేచి ఏం జేస్తవ్?" అడిగి ఊరుకున్నాడు, తొందరపెట్టలేదు. చాలాసేపటికి పిల్ల అంది: "బర్రెల కాడికి పోయి కూసుంట సార్." మాకెవరికీ తెలియని సంగతి అది.

చికిత్స ఫలించడానికి పద్ధతుల కన్నా చికిత్స చేసేవారికీ రోగికీ మధ్య కుదిరే నమ్మకం ముఖ్యమని నా అభిప్రాయం. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో ఈ బంధంలో మూడు చూడమన్నాడు: ఇద్దరూ ఒకే గమ్యం అనుకున్నారా, అందుకు చేయాల్సిన పని మీద ఒప్పుదల ఉందా, మనిషి మీద గురి కుదిరిందా. నాలుగైదు సార్లు వెళ్లినా కుదరకపోతే మారొచ్చు, అందులో తప్పేమీ లేదు.

చికిత్స చేసేవారి చదువు సంగతీ అడగాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో వైద్యం చేస్తారు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. కౌన్సెలర్ అన్న బోర్డు ఒక్కటే చూసి నమ్మొద్దు. చచ్చిపోవాలనిపిస్తున్నా, లేని మాటలు వినిపిస్తున్నా ముందు సైకియాట్రిస్టునే చూడాలి. ఇక్కడ అందరూ అందరికీ చుట్టాలే కనుక, చెప్పింది ఎవరికి చేరుతుందో మొదటి రోజే అడగండి. గోప్యత రోగి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

రైలెక్కే వీలు లేనివాళ్లకు 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న టెలి మానస్ ఉంది. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అలాగని నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో పనిచేసే మనిషి మనసు విప్పుకోవడానికి ఒక రోజు కూలి పోగొట్టుకుని పట్నం పోవాల్సి రావడం న్యాయం కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది 1996లో. ఇప్పటికైనా తాండూరులో, వికారాబాద్‌లో మన మాట తెలిసిన కౌన్సెలర్లు రోజూ కూర్చోవాలని మనమే గట్టిగా అడగాలి.