నిలిపిన గాలి, ఊగే గాలి

ఓడ ఎంత పెద్దదైతే దాని కూత అంత మంద్రంగా ఉంటుందని విశాఖ రేవు పక్కన పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 200 మీటర్లు, అంతకు మించిన ఓడల హారన్ 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య పలకాలని అంతర్జాతీయ నిబంధన. సిడ్నీ టౌన్ హాల్లో 1890లో మోగిన పైప్ ఆర్గాన్ ఇంకా చాలా లోతుకు దిగుతుంది. ఇంగ్లండులో విలియం హిల్ అండ్ సన్ తయారుచేసిన ఆ వాద్యంలో ఒక గొట్టం పొడవు 64 అడుగులు, దాని మూలస్వరం సుమారు 8 హెర్ట్జ్. చెవికి అందదు, ఒంటికి తెలుస్తుంది.

తెల్లవాళ్ల కాలపు టౌన్ హాల్ మన విశాఖ పాతనగరంలోనూ ఉంది. ఆర్గాన్ ఆనవాయితీ మాత్రం తెలుగు వేదికకు అంటలేదు. మన నాటకానికి దక్కింది దాని చిన్న చుట్టం, హార్మోనియం. సైజు చూసి తీర్పు చెప్పేయడం తేలిక. గాలిని చూస్తే కథ మారుతుంది.

ఆర్గాన్ గొట్టంలో గాలి ఒత్తిడి మారితే శ్రుతి చెదురుతుంది. అందుకని తిత్తుల గాలిని బరువులు పెట్టిన పెట్టెలో నిలిపి, ఒకే ఒత్తిడితో వదులుతారు. మెట్టును గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా నాదం అంతే. పెంచాలంటే మరికొన్ని వరసల గొట్టాలు తెరవాలి, లేదా వాటిని మూసిన చెక్కగది తలుపులు కదపాలి. హార్మోనియంలో పలికేది ఇత్తడి రీడు. ఒత్తిడి పెరిగితే దాని శ్రుతి దాదాపు కదలదు, నాదం ఉబుకుతుంది. నాటకాల లెగ్ హార్మోనియం మీద గాలి ఊదే పని కాళ్లు చూసుకుంటాయి, చేతులు రెండూ మెట్ల మీదే. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ముగించి రాగం ఎత్తుకున్నప్పుడు, అతని గొంతు ఎక్కడ ఆగుతుందో హార్మోనియం వాయించేవాడు ముందే పసిగట్టాలి. అతను ఊపిరి పీల్చే సందులో రాగాన్ని అందుకోవాలి, తగ్గి మళ్లీ అతనికే అప్పగించాలి. వన్స్‌మోర్ పడిందా, మొత్తం మొదటికే!

లివర్‌పూల్ సెయింట్ జార్జెస్ హాల్లో 1855 నుంచి దాదాపు నలభై ఏళ్లు వాయించిన డబ్ల్యూ.టి. బెస్ట్, పెద్ద వాద్యబృందాల కృతులను ఒక్కడే ఆర్గాన్ మీద వినిపించేవాడు. సిడ్నీ వాద్యాన్ని ప్రారంభించిందీ ఆయనే. బృందం బదులు ఒక్క మనిషి అన్న పొదుపు మన నాటక సమాజాలకూ బాగా తెలుసు. కాకపోతే అక్కడ చప్పట్లు బెస్ట్‌వి, ఇక్కడ కృష్ణుడివి.

గమకం పలకదని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసింది, 1971 తర్వాత గానీ పట్టు సడలించలేదు. ఆ నింద నిజమే, మెట్ల మధ్య జారడం దానికి చేతకాదు. కానీ పద్యంలో ఆ జారుడు గొంతు పని. హార్మోనియం ఆ గొంతు కింద నేల పరిస్తే చాలు.

ఆర్గాన్‌కు దాని హాలు గోడలు కూడా వాద్యంలో భాగమే. హార్మోనియం ఈ రాత్రి విశాఖలో, రేపు చోడవరంలో దిగుతుంది. పద్యం పల్లెలకు చేరింది ఆ సుళువు వల్లే. నష్టం కూడా అక్కడే జరిగింది. ఎక్కడైనా సర్దుకుంటుంది గదా అని, దానికి తగ్గట్టు నాదం పలికే హాలు కట్టాలని మనకు తోచలేదు. మైకులు పెట్టి సరిపెట్టుకున్నాం.