ధ్రువపు మంచు - విడవలూరు తీరము

విడవలూరు మండలములోని రామతీర్థము ఒడ్డున నిలిచిన విద్యార్థికి బంగాళాఖాతమే కనుపించును. ఉత్తరధ్రువము అతనికి భూగోళపటములో పైఅంచు మాత్రమే. ఈ రెంటికిని గల సంబంధమేమి? ఆ ప్రశ్నకు కొంతవరకు సమాధానము చెప్పు ప్రభుత్వపత్రమొకటి కలదు. అది 2022 మార్చి 17న భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ ప్రకటించిన భారతదేశపు ఆర్కిటిక్ విధానము.

మొదట దాని గుణమును చెప్పవలెను. తన ఆరు స్తంభములలో విజ్ఞానపరిశోధనకే అది మొదటి స్థానమిచ్చినది. ఇది వట్టిమాట కాదు. 2008లో స్వాల్‌బార్డు దీవులలో 'హిమాద్రి' పరిశోధనకేంద్రము తెరువబడినది. 2014లో అచటి సముద్రపు పాయలో నీటి అడుగున 'ఇండార్క్' పరికరములను నిలిపి ఉష్ణోగ్రతను, లవణతను కొలిచిరి. ఆర్కిటిక్ మార్పులకును మన ఋతుపవనములకును గల సంబంధము పరిశోధింపదగినదని ఈ పత్రము గుర్తించుట మెచ్చదగినది.

లోపము సముద్రభద్రత విషయమున కనుపించును. రవాణాకు ఒక స్తంభము కలదు. అది అవసరమే. మంచు తగ్గినంత మాత్రమున ధ్రువజలములు సురక్షితములు కావు. తేలియాడు గడ్డలు ఓడను చీల్చవచ్చును. ఆదుకొను రేవు బహుదూరమున ఉండును. అందులకే 2017 జనవరి 1 నుండి ధ్రువజలములలో తిరుగు ఓడలకు అంతర్జాతీయ నియమావళి అమలులోనికి వచ్చినది. కాని తీరరక్షణకు వేరుగా స్తంభము లేదు. ఓడకు వలెనే ఊరికిని సముద్రమునుండి భద్రత కావలయును గదా!

సముద్రముపై తేలు మంచు కరగినచో నీటిమట్టము దాదాపు మారదు. గ్రీన్లాండు వంటి నేలపై పేరుకొనిన మంచు కరగినచో పెరుగును. గ్రీన్లాండు మంచంతయు కరగినచో ప్రపంచ సముద్రమట్టము సుమారు 7 మీటర్లు లేచును. ఇందొక వింత కలదు. ఆ మంచురాశి తన ఆకర్షణచే చుట్టునున్న నీటిని తనవైపు లాగుకొని ఉన్నది. రాశి తరిగినకొలది ఆ పట్టు సడలి, దగ్గరి సముద్రము తగ్గును. దూరమున ఉన్న ఉష్ణమండల తీరములలో సగటుకంటె కొంత ఎక్కువ పెరుగును. అనగా ధ్రువము దూరమని నెల్లూరు తీరము నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. దూరమే దాని భారమును పెంచుచున్నది.

1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. ఇది అల్పముగా తోచవచ్చును. కాని 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటినట్టి తుపాను మరల వచ్చినచో, ఉప్పెన ఈ పెరిగిన మట్టముపైననే లేచును. ఉప్పునీరు వరిచేలలోనికి మరింత దూరము చొచ్చును.

ఈ పత్రమును తరగతిలో చదివించు ఉపాధ్యాయుడు రెండు గాజుపాత్రలలో నీరు పోసి, ఒకదానిలో మంచుముక్కను తేలవిడిచి, రెండవదానిలో నీటిపైకి లేచిన రాతిమీద ఉంచి, మట్టములను గుర్తింపజేయవలెను. మంచు కరగిన పిదప ఏ పాత్రలో నీరు గీత దాటినదో చూచిన విద్యార్థి, ఈ విధానములో విడవలూరుకును చోటుండవలెనని తానే చెప్పగలడు.