దీపాల వేళ చంద్రుడు

ఆన్సెల్ ఆడమ్స్ తీసిన 'మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో' ఫొటోని మొదటిసారి ఒక పాత పుస్తకంలో చూశాను. సగానికి పైగా నల్లటి ఆకాశం, అందులో చిన్న చంద్రుడు. దూరంగా మంచు కొండలు, కింద ఓ పల్లె, చర్చి, శ్మశానంలో తెల్లటి శిలువలు. చాలా ఏళ్లపాటు ఆ బొమ్మ ముందు నాకు మాట రాలేదు. ఇప్పుడు మాత్రం కొన్ని అడగాలనిపిస్తోంది.

దాని వెనక కథ కూడా ఫొటో అంత పేరున్నదే. కారులో వెళ్తూ ఆ దృశ్యం చూసి, రోడ్డు పక్కన ఆపి, వెంట ఉన్న కొడుకునీ స్నేహితుడినీ స్టాండు అందుకోండి, అదందుకోండి అని ఆడమ్స్ కేకలేశాడు. వెలుతురు కొలిచే మీటరు దొరకలేదు. చంద్రుడి వెలుగు లెక్క నోటికి వచ్చు గనక దాంతోనే ఒక్కటి తీశాడు. రెండోది తీసేలోపు శిలువల మీద ఎండ పోయింది. ఏ ఏడు తీశాడో ఆయనకే సరిగా గుర్తులేదు. చంద్రుడి స్థానాన్ని బట్టి ఖగోళశాస్త్రజ్ఞులు చాలా ఏళ్ల తర్వాత 1941 నవంబరు 1, సాయంత్రం 4.49 అని తేల్చారు.

ప్రతిభ అన్నారు, అదృష్టం అన్నారు. కాదనను. కానీ పొద్దుగూకే వేళ తెలియని ఊరి పక్కన ఆగి, నోరారా కేకలేసే స్వేచ్ఛ గురించి ఎవరూ రాయరేం? ఆయన భార్య వర్జీనియా, తండ్రి 1936లో పోయాక, యోసెమిటీలో ఆయన స్టూడియో దుకాణాన్ని నడిపింది. ఇంటికి అదొక ఆసరా. చంద్రోదయం కథలో ఆ దుకాణం ఊసుండదు.

మా బెజవాడకి వస్తాను. ఇంద్రకీలాద్రి మీద చంద్రుణ్ణి తియ్యాలంటే కొండకి పడమటి ఒడ్డున నిలబడాలి. చంద్రుడి మీద పడేది ఎండే. పూర్తిగా చీకటి పడ్డాక చంద్రుడికి సరిపెడితే కొండ నల్లటి ముద్ద, కొండకి సరిపెడితే చంద్రుడు తెల్లటి ముద్ద. రెండూ ఒకే ఫొటోలో ఒదిగేది పొద్దుగుంకే కొద్ది నిమిషాల్లోనే. కొండ దాటి పైకి రావడానికి చంద్రుడికి ఇంకాస్త ఆలస్యమవుతుంది కాబట్టి పున్నమి ముందురోజే మేలు. గోపురం వెనక బండి చక్రమంత చంద్రుడున్న క్యాలెండరు బొమ్మల్లో చాలావాటికి ఈ బాధ లేదు, అవి అతుకులే. నిజంగా అంత పెద్దగా కనబడాలంటే కొండకి బాగా దూరం జరిగి పొడుగు లెన్స్ పెట్టాలి.

సరిగ్గా ఆ నిమిషాలే దీపాల వేళ. అమ్మాయి ఇంకా ఇల్లు చేరలేదేమని వీధి గుమ్మంలోకొచ్చి చూసే వేళ. స్టవ్ వెలిగించే వేళ.

చంద్రుడి రాకపోకలు మనకు తెలియక కాదు. ఆశ్వయుజ బహుళ తదియనాడు, అట్లతద్దికి, చంద్రోదయం దాకా ఉపవాసం ఉండి డాబాల మీద ఎదురుచూసింది మనమే. పున్నమినాడు చీకటి వీడకముందే కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసే ఆడవాళ్లనీ ఎవరూ ఆపరు. చేతిలో కొబ్బరికాయ ఉంటే చీకటి మనదే. కెమెరా స్టాండు ఉంటే కాదు.

మొన్న వేసవిలో మా ఎం.ఏ. విద్యార్థినితో కలిసి ఘాట్ మెట్ల మీద కూచున్నాను. ఒకాయన వచ్చి, "మీతో మగవాళ్లెవరూ లేరామ్మా?" అన్నాడు. మంచిగానే అడిగాడు, అదే చిరాకు. నేను ఏదో సమాధానం వెతుక్కుంటుంటే ఆ అమ్మాయి, "మేడమ్ ఉన్నారుగా బాబాయ్" అంది. ఆయన పోలేదు, నాలుగు మెట్లు పైన నిలబడ్డాడు. ఈలోగా అమ్మాయి ఫోను మోగింది. వస్తున్నానంది. మళ్లీ మోగింది. కొండ అంచు మీద చంద్రుడు తొంగిచూసేసరికి మూడోసారి మోగుతోంది.

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఒక్కటి తీసింది. కదిలింది. కొండమీది దీపాలు గీతల్లా సాగాయి, చంద్రుడు కొంచెం అటుకుల ఆకారంలో పడ్డాడు. నాకు ప్రింటు వేయించి ఇచ్చింది. వెనక తారీఖు, సాయంత్రం 6.41 అని రాసి, పక్కన బ్రాకెట్లో "అమ్మ ఫోను, మూడోసారి" అని రాసింది.