వ్యాసరూప, లఘు సమాధాన ప్రశ్నల మూల్యాంకనం: గోలేటి బొగ్గుగనుల ప్రాంతం ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

పాఠశాల స్థాయి నుంచి ఉద్యోగ నియామకాల వరకు తెలుగు విద్యార్థి ప్రతిభను నిర్ణయించడంలో వ్యాసరూప, లఘు సమాధాన ప్రశ్నలది ప్రధాన స్థానం. ఈ ప్రశ్నలు కొలవవలసినదేమిటి, నిజంగా కొలుస్తున్నదేమిటి అనే రెండింటి నడుమ ఉన్న అంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రశ్న రూపకల్పన, సమాధాన భాష, మూల్యాంకన విధానం అనే మూడు అంశాలను గోలేటి వంటి శ్రామిక ప్రాంత విద్యార్థి దృష్టితో విమర్శిస్తుంది.

కీలక పదాలు: వ్యాసరూప ప్రశ్న, లఘు సమాధానం, మూల్యాంకనం, మాండలికం, సింగరేణి, గోలేటి.

1. ఉపోద్ఘాతం

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు పరిపాలనా కేంద్రం. ఒకప్పుడు భూగర్భ గనులతో ఎదిగిన ఈ ప్రాంతంలో నేడు బొగ్గు ఉత్పత్తికి ఆధారం ఖైరిగూర వంటి ఓపెన్‌కాస్ట్ గనులు. కార్మిక కుటుంబాల పిల్లలతోపాటు చుట్టుపక్కల గ్రామాల గోండు, కోలాం పిల్లలూ ఇక్కడి తరగతి గదుల్లో కలుస్తారు. ఇంటి భాష, వీధి భాష, గని భాష, పాఠ్యపుస్తక భాష వేరువేరుగా ఉండే ఇటువంటి చోట, సమాధానాన్ని సొంతంగా వాక్యాల్లో నిర్మించి రాయమనే ప్రశ్న విద్యార్థికి అవకాశమూ అవుతుంది, అడ్డంకీ అవుతుంది. ఏది అవుతుందనేది ప్రశ్న వేసేవారి మీద, పత్రం దిద్దేవారి మీద ఆధారపడి ఉంటుంది.

2. రెండు ప్రశ్నలు – రెండు ప్రయోజనాలు

లఘు సమాధాన ప్రశ్నకు బలం విస్తృతి. తక్కువ సమయంలో పాఠ్యాంశంలోని అనేక భాగాలను అది స్పృశించగలదు. వ్యాసరూప ప్రశ్నకు బలం లోతు. విషయాన్ని ఎంచుకోవడం, క్రమంలో పెట్టడం, కారణం చూపడం, ఎదుటి వాదాన్ని గుర్తించడం వంటి శక్తులు అందులోనే బయటపడతాయి. ఒకదాని పని మరొకదానికి అప్పగించినప్పుడు రెండూ బలహీనపడతాయి. ఐదు వాక్యాల్లో ముగిసే విషయాన్ని రెండు పుటల్లో రాయమంటే విద్యార్థి పునరుక్తిని ఆశ్రయిస్తాడు. ఒక కవి జీవిత దృక్పథాన్ని మూడు వాక్యాల్లో చెప్పమంటే కంఠస్థం చేసిన నిర్వచనాన్ని దించుతాడు.

తెలంగాణలో 2014-15 నుంచి నిరంతర సమగ్ర మూల్యాంకనం పదో తరగతికి వర్తించింది. పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు, అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు కేటాయించారు. తెలుగు ప్రశ్నపత్రంలో అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, భాషాంశాలు అనే విభజన వచ్చింది. లేఖ, కరపత్రం, సంభాషణ వంటి ప్రక్రియల్లో రాయించడం మొదలైంది. ‘సొంతమాటల్లో రాయండి’ అనే ఆదేశం ప్రశ్నపత్రంలో స్థిరపడింది. ఈ సంస్కరణ ఉద్దేశం మేలైనదే. అయితే ప్రశ్నల వరుస ఏటా ఊహకు అందేదిగా ఉన్నంతకాలం, సొంతమాటలు కూడా గైడు పుస్తకంలో ముందుగానే అచ్చయి ఉంటాయి. సృజనాత్మకతకు కేటాయించిన మార్కులు అప్పుడు జ్ఞాపకశక్తికి చేరతాయి.

3. ప్రశ్న రూపకల్పనలోని లోపం

‘బొగ్గుగనుల వల్ల కలిగే లాభనష్టాలను వివరించండి’ అనే ప్రశ్నను ఉదాహరణగా తీసుకోవచ్చు. రూపంలో ఇది వ్యాసరూప ప్రశ్న. స్వభావంలో మాత్రం జాబితా కోరే ప్రశ్న. ఉపాధి, విద్యుత్తు, కాలుష్యం, భూమి కోల్పోవడం అని నాలుగు శీర్షికలు పెట్టి ఎవరైనా రాయవచ్చు. గనిని చూసిన విద్యార్థికీ చూడని విద్యార్థికీ తేడా కనబడదు.

ఇదే విషయాన్ని మరోవిధంగా అడగవచ్చు: ‘ఒక ఊరి దగ్గర భూగర్భ గని మూతపడి ఓపెన్‌కాస్ట్ గని మొదలైంది. ఆ ఊరి పని, నీరు, పొలం, ఇల్లు – వీటిలో ఏ మార్పుకు పరిహారం సాధ్యం, దేనికి అసాధ్యం? కారణాలతో మీ అభిప్రాయం నిరూపించండి.’ ఇక్కడ జాబితా చాలదు. తారతమ్యం తేల్చాలి, కారణం చెప్పాలి. యంత్రాలు పెరిగితే కార్మికుల సంఖ్య ఎందుకు తగ్గుతుందో, బాంబు పేలుళ్లకు గోడలు ఎందుకు బీటలు వారుతాయో గోలేటి విద్యార్థి ఇంట్లో విని ఉంటాడు. ఆ అనుభవాన్ని వాదంగా మలచగలడా అన్నదే ఈ ప్రశ్న కొలుస్తుంది.

రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష ఉన్నప్పుడు ఇటువంటి ప్రశ్న ఒక ప్రాంతానికి అనుకూలమవుతుందనే అభ్యంతరం సహేతుకమే. అందుకే స్థానిక ప్రశ్నకు సరైన చోటు అంతర్గత మూల్యాంకనం. అక్కడ ప్రశ్న వేసేది, సమాధానం చదివేది విద్యార్థిని ఎరిగిన ఉపాధ్యాయుడే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ 20 మార్కులను రద్దు చేస్తున్నట్లు ప్రకటించి, తరువాత పాత పద్ధతినే కొనసాగించింది. అంతర్గత మార్కులను ఉదారంగా పంచిపెడుతున్నారనే విమర్శలో నిజం లేకపోలేదు. కానీ దుర్వినియోగానికి మందు పర్యవేక్షణ. ఆ చోటునే తీసివేస్తే విద్యార్థి తన ఊరి గురించి ఆలోచించి రాసే ఒకే ఒక సందర్భం పోతుంది.

4. సమాధాన భాష – విషయ జ్ఞానం

సింగరేణి ప్రాంతంలో ‘బాయి’ అంటే బొగ్గుగని. ‘మా నాయిన మొదటి షిఫ్టుకు బాయిమీదికి పోతడు’ అనే వాక్యంలో అర్థలోపం లేదు, వ్యాకరణ లోపమూ లేదు. అది ఆ మాండలిక నియమానికి లోబడిన వాక్యం. ప్రామాణిక భాషను మాత్రమే ఎరిగిన మూల్యాంకకుడికి అది తప్పుగా కనబడవచ్చు. ‘బాయి’ని నీటి బావిగా చదివి వాక్యమే అసంబద్ధమని భావించే ప్రమాదమూ ఉంది.

ప్రామాణిక భాషను నేర్పనక్కరలేదని దీని అర్థం కాదు. దరఖాస్తు రాయడానికి, ఉన్నత విద్యకు ఆ భాష కావాలి. శ్రామిక కుటుంబాల పిల్లలకు మరింతగా కావాలి. విమర్శ ఉన్నది మార్కులను కలగలపడం మీద. సాంఘిక శాస్త్ర సమాధానంలో ‘పోతడు’ అన్న క్రియకు మార్కు తగ్గితే అక్కడ కొలిచింది సాంఘిక శాస్త్రాన్ని కాదు. తెలుగు పత్రంలో కూడా కరపత్రం, సంభాషణ వంటి ప్రక్రియల్లో మాండలికం లోపం కాదు, ఔచిత్యం. అధికారికి రాసే లేఖలో ప్రామాణిక రూపాన్ని ఆశించడం న్యాయం. ఏ ప్రశ్నలో ఏ భాషను ఆశిస్తున్నారో ప్రశ్నపత్రంలోనే తెలిపితే విద్యార్థి రెండింటినీ తూచి వాడటం నేర్చుకుంటాడు. గోండి, కొలామీ ఇంటి భాషలుగా ఉన్న పిల్లల విషయంలో ఈ విభజన మరింత అవసరం.

5. మూల్యాంకకుల మధ్య వ్యత్యాసం

వ్యాసరూప సమాధానానికి వచ్చే మార్కు దిద్దేవారిని బట్టి మారుతుందని శతాబ్దం కిందటే రుజువైంది. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ ఒకే ఇంగ్లీషు సమాధాన పత్రం ప్రతులను 142 మంది ఉపాధ్యాయులతో దిద్దించగా మార్కులు ఎంతో దూరం చెదిరిపోయాయి. మరుసటి ఏడాది రేఖాగణిత పత్రం విషయంలో వ్యత్యాసం 30 లోపు నుంచి 90 పైవరకు సాగింది. కాబట్టి దీన్ని సాహిత్య విషయాలకే పరిమితమైన బలహీనతగా భావించలేము.

తెలంగాణలో ఈ సమస్య రెండు సందర్భాల్లో బయటపడింది. 2019 ఇంటర్మీడియట్ ఫలితాల్లో మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో మొదట సున్నా వచ్చింది. పునఃపరిశీలనలో అది 99గా తేలింది. మార్కుల నమోదులో వృత్తాలు నింపడంలో జరిగిన పొరపాటు అది. ఆ ఫలితాల తరువాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అయితే సున్నా, 99 అనే అంకెలు పొరపాటును తామే పట్టిచ్చాయి. 52 రావలసిన చోట 41 వస్తే పట్టిచ్చేది ఏదీ ఉండదు. మార్కులను తిరిగి కూడటం, దిద్దని సమాధానం ఉందేమో చూడటం లెక్క తప్పును సరిదిద్దుతాయి. తీర్పులోని వ్యత్యాసాన్ని అవి తాకవు.

రెండవది గ్రూప్-1 మెయిన్స్. 2024 అక్టోబరులో జరిగిన ఈ వర్ణనాత్మక పరీక్ష మూల్యాంకనంపై, తెలుగు మాధ్యమ అభ్యర్థుల అభ్యంతరాలతో సహా, వివాదం హైకోర్టుకు చేరింది. 2025 సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం ఫలితాలను రద్దుచేసి పునర్మూల్యాంకనానికి ఆదేశించగా, అదే నెలలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును నిలుపుదల చేసింది. ఒకే విషయంలో అనేకమంది మూల్యాంకకులు ఉన్నప్పుడు ప్రధాన మూల్యాంకకుడి ద్వారా సమన్వయం చేయడమే తగిన పద్ధతి అని సుప్రీంకోర్టు 2007లో సంజయ్ సింగ్ కేసులో విశదీకరించింది. న్యాయస్థానం చెప్పిన ఈ సూత్రం తరగతి గదికీ వర్తిస్తుంది.

6. ఆచరణీయ మార్గాలు

వ్యత్యాసం ఉంది కాబట్టి బహుళైచ్ఛిక ప్రశ్నలే మేలనే వాదం తరచు వినబడుతుంది. ఆ ప్రశ్నల్లో మార్కు నిలకడగా ఉంటుందన్నది నిజం. కానీ నాలుగు సమాధానాల్లో ఒకదాన్ని గుర్తించడం వేరు, తన వాదాన్ని తాను నిర్మించడం వేరు. నిలకడ కోసం రెండవదాన్ని వదులుకోవడం కన్నా, దానికి నిలకడను సమకూర్చడమే సరైనది. అందుకు కింది పద్ధతులు ఉపకరిస్తాయి:

● పది మార్కుల ప్రశ్నకు విషయం 4, కారణాల వివరణ 3, క్రమం 2, భాష 1 వంటి విభజనను విద్యార్థులకు ముందే తెలపాలి.
● ఒక పత్రాన్ని ఆసాంతం దిద్దడానికి బదులు, అన్ని పత్రాల్లోని ఒకే ప్రశ్నను వరుసగా దిద్దాలి. ముందు సమాధానం కలిగించిన అభిప్రాయం తరువాతిదాని మీద పడదు.
● కొన్ని పత్రాలు చదివిన తరువాతే నమూనా సమాధానాన్ని ఖరారు చేయాలి. ఊహించని సరైన సమాధానానికి అప్పుడే చోటు దొరుకుతుంది.
● స్పాట్ వాల్యుయేషన్‌లో కొన్ని పత్రాలను ఇద్దరు విడివిడిగా దిద్ది, తేడాలను చర్చించాలి.

వీటన్నిటికీ సమయం కావాలి. రోజువారీ పత్రాల సంఖ్యతో పనిని లెక్కించే శిబిరంలో ఏ ప్రమాణమూ నిలవదు. పత్రాల సంఖ్య తగ్గించకుండా నాణ్యతను కోరడం ఉపాధ్యాయుడిని దోషిగా నిలబెట్టడమే.

7. ముగింపు

వ్యాసరూప, లఘు సమాధాన ప్రశ్నలు స్వతహాగా న్యాయమైనవీ కావు, అన్యాయమైనవీ కావు. జ్ఞాపకాన్ని మాత్రమే అడిగితే గైడు కొనగలిగినవారికి, భాషనూ విషయాన్నీ కలిపి దిద్దితే ప్రామాణిక భాష ఇంట్లో ఉన్నవారికి, సమన్వయం లేకుండా దిద్దితే అదృష్టవంతులకు అవి మేలు చేస్తాయి. ఈ మూడింటిలోనూ నష్టపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది గోలేటి వంటి ప్రాంతాల తొలితరం విద్యార్థులకే. అయితే తమ బతుకును తమ మాటల్లో వాదించి నిరూపించే అవకాశాన్ని వారికి ఇవ్వగలిగిందీ ఈ ప్రశ్నే. కనుక దాన్ని తొలగించడం కాక, అది కొలవవలసినదాన్నే కొలిచేలా చూడటం తెలుగు అధ్యాపకుల, పరిశోధకుల బాధ్యత. బొగ్గుగనుల ప్రాంత విద్యార్థుల సమాధాన పత్రాల భాషపై క్షేత్రస్థాయి పరిశోధనలు జరగడం అందుకు తొలి మెట్టు.