బంతి పట్టాక కాలు కదపొద్దు

ఆదివారం ఉదయం ఆరున్నరకే మా మేనకోడలు గేటు దగ్గర నిలబడింది. పదకొండేళ్ల పిల్ల. చంకలో కొత్త బంతి. "అత్తా, నాకు రింగులో వెయ్యడం నేర్పవా?" అంది.

బంతి చేతిలోకి తీసుకుని చూశాను. ఏడో నంబరు, పెద్ద మగవాళ్లు ఆడేది. బరువు 600 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని ఇంట్లో పెట్టి, నా దగ్గరున్న ఐదో నంబరు బంతి ఇచ్చాను. పిల్ల మొహం చిన్నబోయింది. కానీ ఈ విషయంలో నేను మెత్తబడను. స్కూలు బూట్లు వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒక సైజు పెద్దవి కొన్నట్టే, బంతినీ పెద్దదే కొంటారు తల్లిదండ్రులు. ఆ బరువు తలపైకి ఎత్తలేని పిల్ల దాన్ని నడుము దగ్గర నుంచి, ఒళ్లంతా మెలితిప్పి విసురుతుంది. అదే అలవాటైపోతుంది. తర్వాత దాన్ని మాన్పించడానికి ఏళ్లు పడుతుంది. పన్నెండేళ్ల లోపు వాళ్లకి ఐదో నంబరు చాలు. ఆడపిల్లలకు ఆ తర్వాత ఆరు, ఎదిగిన మగపిల్లలకు ఏడు. రింగు కూడా పెద్దలకు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటే, పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో 2.60 మీటర్లే.

మా వీధి చివర ఒక కాలేజీ గ్రౌండు ఉంది. అందులో పాత సిమెంటు కోర్టు. గీతలు సగం చెరిగిపోయాయి, రింగులకు నెట్లు లేవు. అయినా పొద్దున్నే వెళితే ఎవరూ ఉండరు. పిల్ల నేరుగా రింగు కిందికి పరుగెత్తింది. వెనక్కి పిలిచి, కోర్టు మధ్యలో నిలబెట్టి, ఎడమ కాలి చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను.

"బంతి రెండు చేతులతో పట్టుకో. ఈ కాలు గీతలోంచి కదలకూడదు. రెండో కాలు ఎటు కావాలంటే అటు వేసుకో."

"అంతేనా?"

అంతే. ఆటలో దీన్ని పివట్ అంటారు. మా అమ్మ ఇంట్లో తిరగలి ఉండేది. నడుమ మేకు కదలకుండా ఉంటుంది, పైరాయి దాని చుట్టూ తిరుగుతుంది. మేకు వదులైతే పైరాయి పక్కకి జారుతుంది, పిండి పడదు. పివట్ కాలు ఆ మేకు. మడమ ఎత్తి, ముందుపాదం మీద తిరగాలి. ఒక్కసారి ఆ కాలు ఎత్తి మళ్లీ నేలకు ఆనించావా, బంతి ఇంకా చేతిలోనే ఉంటే, రిఫరీ విజిల్ వేస్తాడు. ట్రావెలింగ్. బంతి అవతలి జట్టుకి పోతుంది.

నాకు ఈ విజిల్ బాగా తెలుసు. తొమ్మిదో తరగతిలో నేను రింగులో బాగానే వేసేదాన్ని. స్కూళ్ల మధ్య పోటీలో మొదటి మ్యాచ్‌లోనే నాలుగుసార్లు ట్రావెలింగ్ పడింది. బంతి అందగానే కాళ్లు వాటంతటవే కదిలిపోయేవి. అప్పటిదాకా నా కాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మ్యాచ్ తర్వాత మా డ్రిల్లు మాస్టారు రెండు వారాలపాటు నన్ను రింగు వైపు చూడనివ్వలేదు. రోజూ సాయంత్రం పివట్ ఒక్కటే. ఎందుకని అడిగితే ఆయన ఈ ఆట పుట్టిన కథ చెప్పారు. నేను ఆటను ప్రేమించడం మొదలుపెట్టింది ఆ సాయంత్రం నుంచే.

1891 డిసెంబరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల. బయట మంచు, లోపల కసరత్తులతో విసిగిపోయిన 18 మంది కుర్రాళ్లు. వాళ్లకి చలికాలంలో కప్పు కింద ఆడే ఆట ఒకటి కనిపెట్టమని లూథర్ గులిక్ అనే పై అధికారి జేమ్స్ నైస్మిత్‌కు పని అప్పగించాడు. నైస్మిత్ కెనడా నుంచి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు. ఉన్న ఆటల్నే లోపల ఆడించి చూశాడు. దెబ్బలు తగిలాయి. అప్పుడు కూర్చుని ఆలోచించాడు. రగ్బీలో మనిషిని ఎందుకు పట్టి పడేస్తారు? వాడు బంతితో పరుగెడుతున్నాడు కనుక. పరుగు తీసేస్తే పడేయాల్సిన అవసరమే ఉండదు.

అలా మొదటి 13 నియమాల్లోకి ఆ మాట వచ్చింది: బంతితో పరుగెత్తకూడదు, పట్టుకున్న చోటు నుంచే విసరాలి. ఇప్పుడు మనం బాస్కెట్‌బాల్ అనుకునేదంతా ఆ ఒక్క కట్టడి చుట్టూ పెరిగింది. నడవలేవు కనుక బంతి ఇంకొకరికి అందించాలి, అందుకే పాస్. నడవలేవు కనుక నిలబడ్డ చోటే తిరగాలి, అందుకే పివట్. చుట్టూ మూగినప్పుడు బంతిని నేలకి వదిలి మళ్లీ తనే అందుకోవచ్చని ఆటగాళ్లు కనిపెట్టారు, అదే డ్రిబ్లింగ్. నైస్మిత్ మొదటి నియమాల్లో డ్రిబ్లింగ్ ఊసే లేదు. నేర్చుకునే పిల్లలకి డ్రిబ్లింగ్‌తో మొదలుపెట్టే కోచ్‌లతో నాకు పేచీ అక్కడే. పుట్టిన వరసలో నేర్పితే పిల్లలకి ప్రతి కదలికకూ కారణం తెలుస్తుంది.

ఇంకో సంగతి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హారీ క్రో బక్ మన దేశానికి వచ్చి, 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. మా మాస్టారు చదివింది ఆ కాలేజీలోనే. నైస్మిత్ పాఠం చేతులు మారుతూ మా స్కూలు గ్రౌండు దాకా వచ్చిందన్నమాట. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పావుగంట పివట్ అయ్యాక పిల్లకు చెమట పట్టింది. అప్పుడు డ్రిబ్లింగ్. అరచేత్తో చరవకూడదు, వేళ్లతో నేలకి నొక్కాలి. బంతి నడుము దాటి పైకి రాకూడదు, మోకాళ్లు వంగి ఉండాలి, రెండో చేయి ముందుకు అడ్డంగా ఉండాలి. అన్నిటికంటే కష్టం, బంతిని చూడకుండా ఉండడం. నేను ఎదురుగా నిలబడి వేళ్లు చూపిస్తూ "ఎన్ని?" అని అడుగుతుంటాను. బంతి ఆగకుండా జవాబు చెప్పాలి. మొదట్లో బంతి పారిపోతుంది. పారిపోనివ్వాలి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి: నిలబడ్డ చోటు నుంచి డ్రిబ్లింగ్ మొదలుపెట్టేటప్పుడు పివట్ కాలు లేవకముందే బంతి చేయి వదలాలి. కొత్తవాళ్లకి పడే ట్రావెలింగ్‌లో ఎక్కువ భాగం ఇక్కడే. ఆపిన డ్రిబ్లింగ్ మళ్లీ మొదలుపెట్టినా, రెండు చేతులతో కొట్టినా తప్పే.

ఇక పిల్ల ఎదురుచూస్తున్న రింగు. ముందు నా చేతి గాజు తీసి దాని కళ్ల ముందు పట్టుకున్నాను. పైనుంచి చూస్తే గుండ్రంగా ఉంది. పక్కకి వాల్చేకొద్దీ సన్నబడింది. చివరికి గీతైపోయింది. రింగు కూడా బంతికి ఇలాగే కనిపిస్తుంది. రింగు నోరు 45 సెంటీమీటర్లు, ఏడో నంబరు బంతి అడ్డుకొలత దాదాపు 24. నిటారుగా దిగే బంతికి నోరంతా తెరిచి ఉంటుంది. 45 డిగ్రీల వాలులో వచ్చే బంతికి ఆ నోరు 32 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. 30 డిగ్రీలకు దిగజారితే 22.5 సెంటీమీటర్లే. అంటే బంతి కన్నా నోరే చిన్నది. ఎంత గురి చూసి విసిరినా ఇనుముకు తగలకుండా దూరదు. అందుకే రింగుకి కొట్టకూడదు, రింగు పైకి ఎత్తి వెయ్యాలి. మోచెయ్యి బంతి కింద, ఎడమ చేయి పక్కన ఆసరాకి, బలం మోకాళ్ల నుంచి. వదిలాక మణికట్టు ముందుకు వాలి అలాగే ఉండాలి.

నైస్మిత్ గోలును తలపైకి ఎందుకు పెట్టాడన్నదానికీ జవాబు ఇదే. చిన్నప్పుడు కెనడాలో ఆయన ఒక రాళ్లాట ఆడేవాడు. బండ మీద ఒకడు రాయి పెట్టి కాపలా కాస్తాడు, మిగతావాళ్లు రాళ్లు విసిరి దాన్ని పడగొట్టాలి. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం అనుకోవచ్చు. బలంగా విసిరితే రాయి ఎక్కడో పడి తెచ్చుకునేలోపు దొరికిపోతారు. పైకెత్తి మెత్తగా వేసినవాడే గెలుస్తాడు. గోలు తలపైన ఉంటే అందరూ అలాగే వెయ్యాల్సి వస్తుందని ఆయన అనుకున్నాడు. పెట్టెలు అడిగితే పాఠశాల కాపలాదారు పీచ్ పళ్ల బుట్టలు తెచ్చిచ్చాడు. వాటిని బాల్కనీ రెయిలింగుకి కొట్టారు. అది నేల నుంచి 10 అడుగుల ఎత్తు. ఈనాటి 3.05 మీటర్లు అదే. తొలి మ్యాచ్ మొత్తానికీ పడింది ఒక్క గోలు.

లే-అప్ దగ్గర పిల్ల తికమకపడింది. పరుగులో బంతి అందుకుని, కుడి, ఎడమ, ఎడమ కాలి మీంచి పైకి, కుడి చేత్తో బోర్డు మీది చిన్న చదరానికి మెత్తగా తాకించడం. నోటితో చెబుతుంటే కాళ్లు వినడం లేదు. సుద్దముక్కతో రింగు ముందు తొక్కుడుబిళ్ళ గళ్లు గీశాను, కుడి కాలికొకటి, ఎడమ కాలికొకటి. మా తరం ఆడపిల్లలకి ఈ అడుగు వీధిలోనే వచ్చేసేది, ఒంటికాలి మీద ఒళ్లు నిలుపుకోవడం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఈ పిల్లకి తొక్కుడుబిళ్ళ కొత్త. ముందు బంతి లేకుండా అదే ఆడించాను, పదినిమిషాలు. తర్వాత బంతి ఇచ్చాను. ఐదోసారికి అడుగు కుదిరింది. బంతి రింగు అంచున తిరిగి బయట పడింది.

బంతి తెచ్చుకుని వచ్చి, ఊపిరి పీలుస్తూ అడిగింది: "అత్తా, బంతి పట్టాక కాలు కదపొద్దన్నావు. మరి ఇందాక నేను కాలు ఎత్తేశాను కదా, గాల్లో ఉన్నాను కదా?"

"ఎత్తొచ్చు. కిందికి దిగేలోపు బంతి నీ చేతిలో ఉండకూడదు, అంతే."

పిల్ల గళ్ల దగ్గరికి వెనక్కి వెళ్లింది. ఈసారి బంతి లేకుండా ఎగిరి, దిగేలోపు ఎంతసేపు ఉంటుందో చూసుకుంటోంది.